పన్ను పుచ్చితే పీకడమేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను గవర్నమెంట్ స్కూల్లో మూడో తరగతికి చెప్తాను. మొన్న మా క్లాసులో ఒక పాప పొద్దున్నుంచి బుగ్గ పట్టుకుని కూర్చుంది, నోరు తెరవమంటే లోపల లవంగం నొక్కిపెట్టుకుని ఉంది, కింద దవడలో చివరి పంటికి నల్లగా గుంట. వాళ్ళమ్మని పిలిపిస్తే "పాలపన్నేలే టీచర్, అదే ఊడిపోద్ది" అంది. ఆమె తప్పేం లేదు, చాలామంది అలాగే అనుకుంటారు. ఆరో ఏట పాలపళ్ళ వెనకాల వచ్చే ఆ దవడ పన్ను కోసం ముందు ఏ పన్నూ ఊడదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటారు, నిజానికి అది ముసలితనం దాకా ఉండాల్సిన పన్ను, అది పోతే ఇంకోటి రాదు.

పుచ్చడం మొదలైనప్పుడు నొప్పి ఉండదండీ, అక్కడే అందరం మోసపోతాం. తిన్న తీపిని నోట్లో సూక్ష్మజీవులు యాసిడ్‌గా మారుస్తాయి, ఆ యాసిడ్ పైపొర ఎనామిల్‌ని కరిగిస్తుంది, ఎనామిల్‌కి నరం లేదు కాబట్టి మనకి తెలీదు. దాని కింద పొర మెత్తన, అక్కడికి చేరాక పుచ్చు లోపల్లోపలే పాకిపోతుంది, బయటికి మాత్రం గుండుసూది మొనంత చుక్కే కనిపిస్తుంది. చల్లనీళ్ళకి జివ్వుమనే ఆ దశలో వెళ్తే పుచ్చు గీకేసి సిమెంట్ పెట్టేస్తారు, చాలాసార్లు ఒక్క పూటలో అయిపోతుంది. నరం దాకా పోయి రాత్రిళ్ళు నిద్ర పట్టకుండా పోటు వచ్చాక ఇంక రూట్ కెనాల్, క్యాప్, వేలల్లో ఖర్చు, లేదంటే పీకించుకోవడమే.

ఆ పాపని నేనే మా దగ్గర్లో ఉన్న సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్ళా. ఫిల్లింగ్ మెటీరియల్ లేదమ్మా, పీకమంటే పీకుతాం లేదా ప్రైవేటుకి వెళ్ళండి అన్నారు. డాక్టరుగారు ఒక్కరే, బయట లైను గేటు దాకా ఉంది, ఆయన్ని ఏమనను? కానీ నాక్కూడా ఇరవై ఆరేళ్ళప్పుడు ఇదే మాట చెప్పి ఇలాగే పీకారండీ. ఇప్పుడు ఆ ఖాళీలోకి పక్క పన్ను ఒరిగిపోయింది, పై పన్ను కిందికి దిగింది, ఇన్నేళ్ళుగా ఒక పక్కనే నములుతున్నా. ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ పని చెయ్యనివ్వడానికి నాకు మనసొప్పలేదు.

పోనీ ఫిల్లింగ్ అంటే పెద్ద మిషన్లు కావాలా అంటే అన్నిటికీ అక్కర్లేదు. 1980ల్లో టాంజానియాలో కరెంటు లేని చోట్ల మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది, చేతి పనిముట్లతోనే మెత్తబడిన పుచ్చు తీసేసి గ్లాస్ అయానమర్ సిమెంట్ నింపుతారు, డ్రిల్లు అక్కర్లేదు. పొడీ ద్రవం కలిపి పెట్టే ఆ సిమెంట్ పంటికి అదే అతుక్కుంటుంది, మెల్లగా ఫ్లోరైడ్ కూడా వదుల్తుంది. పెద్ద గుంటలకి అంత గట్టిగా నిలవదు, వాటికి లైటుతో గట్టిపరిచే కాంపోజిట్ లాంటివి కావాలి, ఆ మాట నిజమే. కానీ పిల్లల చిన్న గుంటలకి ఇది చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ సిమెంట్‌ని అత్యావశ్యక మందుల లిస్టులో చేర్చింది. పారాసిటమాల్ ఉండే లిస్టు అది. మరి మన ఆస్పత్రి బీరువాలో ఇదెందుకు లేదు?

ఇంకో సంగతి, ఆర్‌బీఎస్‌కే అనే సర్కారు పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం టీములు మా స్కూలుకి వచ్చి పిల్లల్ని చూస్తాయి, పళ్ళు చూడటం కూడా ఆ పథకంలో ఉంది, పుచ్చు ఉంటే చీటీ రాసిస్తారు. ఆ చీటీ పట్టుకెళ్తే పీకడమొక్కటే దొరికితే తల్లిదండ్రులు ఎందుకు వెళ్తారు చెప్పండి, సంతలో పంట్లో పురుగులు తీస్తామనే వాళ్ళ దగ్గర కూర్చోబెడతారు. పంట్లో పురుగు ఉండదు, వాళ్ళు చూపించే పురుగు వాళ్ళు తెచ్చిందే.

కాబట్టి ఆరోగ్యశాఖ వాళ్ళని నేను అడిగేది ఒకటే, డెంటల్ డాక్టరున్న ప్రతి సర్కారు ఆస్పత్రిలో ఈ సిమెంట్ ఎప్పుడూ ఉండాలి, వారంలో ఒక రోజు స్కూలు పిల్లల ఫిల్లింగ్‌లకే కేటాయించాలి. మీ పేపర్లో కూడా ఆ ఆరేళ్ళ పన్ను గురించి ఫోటో వేసి రాయండి సార్, తల్లులు చదువుతారు.

ఆ పాపకి చివరికి ప్రైవేటులోనే సిమెంట్ పెట్టించాం, నరం దాకా పోలేదు, పన్ను దక్కింది. వాళ్ళమ్మకి రెండ్రోజుల కూలి పోయింది. నా క్లాసులో ఇంకా ఐదుగురి చీటీలు నా డెస్కులోనే ఉన్నాయి, వాళ్ళని ఎక్కడికి పంపమంటారు?

ఇట్లు,
ఒక గవర్నమెంట్ స్కూల్ టీచర్