తడి గోడకు రంగు వేసి ‘ఆరింది’ అని సర్టిఫికెట్ ఇచ్చారు: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

విజయవాడ,
2024 నవంబరు 25.

కస్టమర్ సర్వీసు మేనేజర్ గారికి,
వరద ఇళ్ల శుభ్రత విభాగం.

విషయం: సెప్టెంబరు వరదలో మునిగిన మా సెల్లార్‌ను ఆరబెట్టకుండానే ఆరబెట్టినట్టు బిల్లు వేసి, తడి గోడలకు రంగు వేయడం గురించి.

అయ్యా,

నవంబరు 14న మీరు పంపిన మెయిల్ అందింది. ‘వరద ప్రకృతి వైపరీత్యం కాబట్టి దానివల్ల కలిగిన నష్టానికి కంపెనీ బాధ్యత వహించదు’ అని అందులో రాశారు. బుడమేరు వాగు పొంగినందుకు నేను మిమ్మల్ని ఎప్పుడూ అడగలేదు. నా మూడు ఫిర్యాదుల్లో ఎక్కడా ఆ మాట లేదు. నేను అడిగిందల్లా, బిల్లులో మూడో లైనులో ‘ఆరబెట్టడం, 7 రోజులు, 2 డీహ్యూమిడిఫయర్లు, 4 బ్లోయర్లు: రూ. 28,000’ అని ఉంది కదా, తేమ లాగే ఆ మిషన్లు, గాలి కొట్టే ఆ బ్లోయర్లు పెట్టి ఆ పని ఎప్పుడు చేశారని. దానికి జవాబు ఇంతవరకూ రాలేదు. అందుకే మొదటి నుంచీ రాస్తున్నాను. కాస్త ఓపికగా చదవండి.

మాది సింగ్ నగర్‌లో రెండంతస్తుల సొంత ఇల్లు. కింద సెల్లార్ ఉంది, రోడ్డు మట్టానికి నాలుగడుగులు లోతు. దాంట్లో మా ఆవిడ టైలరింగ్, మగ్గం వర్క్ షాపు నడుపుతుంది. ఆరు కుట్టు మిషన్లు, రెండు మగ్గాలు, ప్లైవుడ్ బీరువాలు ఉండేవి. సెప్టెంబరు 1, ఆదివారం తెల్లవారేసరికి సెల్లార్ పైకప్పు దాకా నీళ్లు. బుడమేరు గండ్లలో ఆఖరిది పూడ్చేసరికి వినాయక చవితి వచ్చింది. మా వీధిలో నీళ్లు తగ్గేసరికి 10వ తేదీ. అంటే తొమ్మిదంగుళాల ఇటుక గోడ పది రోజుల పాటు మురుగు కలిసిన వరద నీళ్లు తాగింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

10వ తేదీనే మీ యాప్‌లో బుక్ చేసి 40,000 అడ్వాన్సు కట్టాను. 11న మీ కుర్రాళ్లు ఐదుగురు వచ్చారు. వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. గమ్‌బూట్లు లేవు, గ్లౌజులు లేవు, ముక్కుకు గుడ్డ కూడా లేదు. ఉత్త కాళ్లతో ఆ బురదలో దిగి రెండు రోజులు తట్టలతో ఎత్తిపోశారు. మా ఆవిడ ఉండబట్టలేక పాత చీరలు చింపి మూతులకు కట్టుకోమని ఇచ్చింది. ఎలుకలు చచ్చి తేలిన నీళ్లు అవి. ఆ పిల్లల్లో ఎవరికైనా ఎలుక జ్వరం వస్తే ఎవరిది పూచీ? ఇది నా ఫిర్యాదులో భాగం కాదు, కానీ చూసినవాణ్ణి కాబట్టి రాయకుండా ఉండలేను.

తోడేటప్పుడు ఒక్కసారిగా తోడొద్దని చెప్పాను. బయట నేల ఇంకా నీళ్లతో నిండి ఉంది, లోపల ఖాళీ అయితే ఆ ఒత్తిడంతా గోడల మీదా ఫ్లోరింగ్ మీదా పడుతుంది, రోజుకు మూడో వంతు చొప్పున తీయమన్నాను. మీ సూపర్‌వైజరు రెండు డీజిల్ పంపులు పెట్టి ఐదు గంటల్లో ఊడ్చేయించాడు. మర్నాటికి మధ్యలో టైల్స్ ఉబ్బి లేచాయి. తూర్పు గోడకు వెంట్రుకంత చీలిక వచ్చింది. అది వరదకు వచ్చిందో పంపులకు వచ్చిందో నేను తేల్చలేను కాబట్టి దానికి డబ్బు అడగడం లేదు.

13న ఇంకో సంగతి జరిగింది. నేల మీద బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉండగా, టైల్స్ మరకలు పోవాలని ఒక కుర్రాడు దాని మీదే బాత్రూం యాసిడ్ పోశాడు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు. మూసి ఉన్న సెల్లార్‌లో! దగ్గుతూ, కళ్లు మండుతూ పైకి పరిగెత్తుకొచ్చారు. నేను మెట్ల మీదే ఉన్నాను కాబట్టి అందరినీ బయటికి లాగి షట్టరు ఎత్తించాను. మీ సూపర్‌వైజరుకు ఫోన్ చేస్తే ‘కొత్త కుర్రాడు బాబాయ్ గారూ’ అన్నాడు.

ఇక అసలు విషయం.

నేను కరెంటు డిపార్ట్‌మెంటులో 31 ఏళ్లు పనిచేసి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. కనపడిన మీటరు రీడింగు రాసుకోవడం నాకు రోగం లాంటిదని మా ఆవిడ అంటుంది. టైలరింగ్ షాపు కాబట్టి సెల్లార్‌కు కమర్షియల్ సర్వీసు వేరే ఉంది. ఆ మీటరు బోర్డును ఇల్లు కట్టేటప్పుడే పై మెట్ల మీద ఎత్తుగా పెట్టించాను, అందుకే అది మునగలేదు. వైరింగ్ పైపుల్లో నీళ్లు తీయించి, వైర్లలో కరెంటు లీకవుతోందేమో చూసే మెగ్గర్‌తో టెస్టు చేయించాకే సెల్లార్‌కు కరెంటు ఇచ్చాను.

సెప్టెంబరు 14న ఉదయం 11 గంటలకు మీ వ్యాను వచ్చింది. దింపింది ఒక డీహ్యూమిడిఫయరు, రెండు బ్లోయర్లు. మిగతావి ఏవని అడిగితే రేపొస్తాయన్నారు. ఆ రేపు ఇంకా రాలేదు. మిషన్ ఆన్ చేసి, షట్టరు బార్లా తెరిచి పెట్టి వెళ్లిపోయారు. సెప్టెంబరులో బెజవాడ గాలిలో ఎంత తేమ ఉంటుందో మీకు తెలియనిది కాదు. తలుపులు తెరిచి ఆ మిషన్ నడిపితే అది గోడల్లో తేమ లాగదు, వీధిలో తేమ లాగుతుంది. నేనే షట్టరు దించాను. మిషన్‌కు డ్రెయిన్ పైపు తగిలించలేదు, కింద ఆరు లీటర్ల బకెట్టు ఒక్కటే. అది నిండగానే మిషన్ దానంతటదే ఆగిపోతుంది. పారబోయడానికి మీ మనిషి ఎవరూ లేరు. పగలంతా, రాత్రి పదకొండు దాకా నేనే దిగి పారబోశాను. ఏడు బకెట్లు, అంటే 42 లీటర్లు. నేను పడుకున్నాక అది కూడా పడుకునేది.

16న ఉదయం 8 గంటలకు ఇద్దరొచ్చి పాయకాపురంలో అర్జెంటని మిషన్లు ఎత్తుకెళ్లారు. అప్పటికి బకెట్టు సగం నిండి ఉంది. దయచేసి ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి. ఆరిపోయిన గదిలో ఆ బకెట్టు నిండదు. నిండుతోందంటే గోడ ఇంకా నీళ్లు ఇస్తోందని అర్థం.

మిషన్ల మీద అతికించిన ప్లేట్లు చూసి రాసుకున్నాను. డీహ్యూమిడిఫయరు 750 వాట్లు, బ్లోయరు ఒక్కొక్కటి 250. మీ బిల్లులో రాసినట్టు రెండు డీహ్యూమిడిఫయర్లు, నాలుగు బ్లోయర్లు ఏడు రోజులూ రాత్రింబవళ్లు నడిస్తే 420 యూనిట్లు కాలాలి. మా కమర్షియల్ మీటరు 14 ఉదయం నుంచి 21 సాయంత్రం దాకా తిరిగింది 38 యూనిట్లు. ఆ 38లో ఒక ట్యూబులైటు కూడా ఉంది. లెక్క వేస్తే, వచ్చిన ఆ మూడు మిషన్లూ మహా అయితే 30 గంటలు నడిచాయి. ఏడు రోజులకు 168 గంటలు. మీటరు ఫొటోలు తేదీ, టైముతో సహా జతచేస్తున్నాను.

21న సూపర్‌వైజరు వచ్చి ‘డ్రై సర్టిఫికెట్’ చేతిలో పెట్టాడు. రంగు కాగితం, స్టాంపు, ‘100 శాతం ఆరిపోయింది’ అని పెద్ద అక్షరాలు. దాంట్లో ‘గోడ తేమ రీడింగు’ అని నాలుగు గళ్లు ఉన్నాయి. నాలుగూ ఖాళీ. మాయిశ్చర్ మీటరు ఏదంటే ఆఫీసులో ఉందన్నాడు. చేత్తో గోడ తట్టి ‘చూడండి బాబాయ్ గారూ, ఆరిపోయింది’ అన్నాడు. పైపొర ఆరితే చేతికి తడి తగలదు, లోపల ఇటుక ఆరిందని కాదు.

నాకు నమ్మకం కుదరక ఆ రాత్రి ఒక పని చేశాను. అడుగున్నర పాలిథిన్ కవరు ముక్క కత్తిరించి, ఉత్తరం గోడకు నాలుగు వైపులా టేపు వేసి అతికించాను. 22 రాత్రికి చూస్తే కవరు లోపలి వైపు, అంటే గోడ వైపు, చెమట పట్టినట్టు నీటి బొట్లు. ఫొటో తీసి మీ సూపర్‌వైజరుకు వాట్సాప్‌లో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. ‘వర్షాకాలం కదా సార్, గాలిలో తేమ’ అని జవాబు. గాలిలో తేమైతే కవరు బయట పట్టాలి కదా! రంగు ఇప్పుడే వద్దు, ఆపమని కూడా రాశాను. షెడ్యూలు ఫిక్సయింది, ఆపితే మళ్లీ స్లాటు దీపావళి తర్వాతే అన్నాడు. షాపు మూతపడి అప్పటికే మూడు వారాలు. మా ఆవిడకు ఒకటే టెన్షన్, పెళ్లిళ్ల ఆర్డర్లు పోతున్నాయని. నేను తగ్గాను. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆరిందని కాగితం మీద సంతకం పెట్టింది నేను కాదు.

24, 25 తేదీల్లో లప్పం పెట్టి, ‘యాంటీ ఫంగల్’, అంటే బూజు పట్టదు అని చెప్పి రంగు వేశారు. ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోరు మునిగినవాళ్లకు ఇచ్చిన 25,000 మా అకౌంటులో పడింది. అదీ, చీటీ పాడి తెచ్చినదీ కలిపి మిగతా 49,680 మీకు కట్టాను. వరద సాయం మా ఇంట్లో ఎన్ని రోజులు నిలిచిందో చూడండి.

అక్టోబరు రెండో వారంలో ముక్కవాసన మొదలైంది. దసరా సందట్లో పెద్దగా పట్టించుకోలేదు. దీపావళి ముందు రోజు బీరువా జరిపితే వెనక గోడంతా నల్లగా బూజు. మిగతా మూడు గోడల మీద రంగు బుడగలు బుడగలుగా లేచి ఉంది. వేలితో గుచ్చితే లోపలి నుంచి తడి లప్పం పేస్టులా వచ్చింది. నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా తెల్లగా ఉప్పు తేలింది. గోడలో ఉన్న నీళ్లు బయటికి పోయే దారి మూసేశారు, అవి రంగును తోసుకుని వచ్చాయి. మీరు రంగు వేయకపోయి ఉంటే ఆ గోడ తన మానాన తాను ఆరేది.

నష్టం గోడతో ఆగలేదు. పెళ్లివారివి ఎనిమిది పట్టు జాకెట్లు, మగ్గం పని పూర్తయి బీరువాలో ఉన్నవి, మచ్చలు పడ్డాయి. కార్తీక మాసంలో ముహూర్తం. పెళ్లికూతురి తల్లి ఏమీ అనలేదు, మచ్చల మీద వేలు పెట్టి అలా చూస్తూ ఉండిపోయింది. మా ఆవిడ ఆ పూట అన్నం తినలేదు. గుడ్డ ఖరీదు, పని కలిపి 14,400 వాళ్లకు తిరిగిచ్చాం. పై అంతస్తులో ఆరబెట్టి, రిపేరు చేయించుకుని మళ్లీ కిందకు దించిన కుట్టు మిషన్లలో రెండింటికి తుప్పు పట్టింది. వాటి సంగతి నేను చూసుకుంటాను.

నవంబరు 1న, 4న, 7న మీ యాప్‌లో ఫిర్యాదులు పెట్టాను. 9న మీ మనిషి ఒకాయన వచ్చి, మెట్ల మీద నుంచే ఫోన్‌లో రెండు ఫొటోలు తీసుకుని, వాసన భరించలేక లోపలికి దిగకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చిందే ప్రకృతి వైపరీత్యం మెయిల్.

మొన్న మాకు తెలిసిన తాపీ మేస్త్రీని తీసుకొచ్చి చూపించాను. రంగు, లప్పం, ప్లాస్టరింగు నాలుగడుగుల ఎత్తు దాకా కొట్టేసి, ఇటుక కనిపించేలా సంక్రాంతి దాకా గాలికి వదిలేయమన్నాడు. ఆ తర్వాత ప్లాస్టరింగు, అది ఆరాకే రంగు. 34,000 అవుతుందని రాసిచ్చాడు. పది రోజులు నీళ్లు తాగిన గోడ ఏడు రోజుల్లో ఆరుతుందని నేనూ అనుకోలేదు. మీరు ఏడు రోజులు మిషన్లు నడిపి, రీడింగు తీసి, ‘ఇంకా తడి ఉంది, రంగు ఇప్పుడే వద్దు’ అని ఉంటే మీకు చేతులెత్తి నమస్కారం పెట్టి, నలుగురికి మీ పేరు చెప్పేవాణ్ణి. మా మేస్త్రీ ఈ మాట చెప్పినందుకు ఒక టీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు.

నేను అడిగేది ఇది. నీళ్లు తోడినందుకు 12,000, బురద తీసినందుకు 14,000 మీరే ఉంచుకోండి, ఆ పిల్లలు కష్టపడి చేశారు. చేయని ఆరబెట్టడానికి 28,000, చేయకూడనప్పుడు చేసిన రంగు పనికి 22,000, రెండింటి మీద 18 శాతం జీఎస్టీ 9,000, మొత్తం 59,000 వాపసు ఇవ్వాలి. గోడ కొట్టి మళ్లీ కట్టడానికి 34,000, పాడైన జాకెట్లకు 14,400 ఇవ్వాలి. అన్నీ కలిపి 1,07,400 రూపాయలు. ఉచితంగా మళ్లీ రంగు వేస్తామని మీ కాల్ సెంటరు అమ్మాయి ఫోన్‌లో అంది. వద్దు. ఆ గోడ మీద ఇంకో పొర వేయనివ్వను.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో డబ్బు గానీ, మీటరు లెక్క తప్పని చూపించే కాగితం గానీ రావాలి. మీ మిషన్లు ఏ రోజు ఏ ఇంట్లో ఉన్నాయో మీ దగ్గర లాగ్ ఉంటుంది, 16 నుంచి 21 దాకా అవి పాయకాపురంలో లేవని చూపించండి చాలు. ఏదీ రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. మీ హెడ్డాఫీసు ఎక్కడున్నా నేను నివాసం ఉండే చోటే వేయొచ్చు. ఐదు లక్షల లోపు బిల్లుకు ఫీజు కూడా లేదు. రిటైరైనవాణ్ణి, వాయిదాలకు తిరిగే తీరిక ఉంది.

గోడ ఇంకా కొట్టించలేదు. మీరు మీటరుతో చూసుకుంటామంటే డిసెంబరు 5 దాకా ఆగుతాను. వచ్చేటప్పుడు ఆఫీసులో ఉందన్న ఆ మాయిశ్చర్ మీటరు తెమ్మనండి. 6న మేస్త్రీ వస్తున్నాడు.

ఇట్లు,
ఇంటి యజమాని,
సింగ్ నగర్, విజయవాడ.

జతపరిచినవి: బిల్లు, రెండు చెల్లింపు రసీదులు, గళ్లు ఖాళీగా ఉన్న డ్రై సర్టిఫికెట్, మీటరు ఫొటోలు, పాలిథిన్ కవరు ఫొటో, మీ సూపర్‌వైజరుతో వాట్సాప్ సంభాషణ, గోడల ఫొటోలు, మేస్త్రీ ఎస్టిమేటు, జాకెట్ల డబ్బు ముట్టినట్టు పెళ్లివారు రాసిచ్చిన చీటీ.