శ్రవణబెళగొళ: అభిషేకం లేని ఏళ్ల మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

కర్ణాటకలోని హాసన్ జిల్లా శ్రవణబెళగొళలో, వింధ్యగిరి శిఖరంపై నిలిచిన, జైనులు పూజించే బాహుబలి విగ్రహం పన్నెండేళ్లకోసారి, మహామస్తకాభిషేకం రోజుల్లో మాత్రమే, మన పత్రికల మొదటి పేజీకి ఎక్కుతుంది. 2018 ఫిబ్రవరిలో అదే చూశాం; 2030లో మళ్లీ చూడబోతున్నాం. ఆ ఉత్సవ వైభవాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ కొండకు అసలైన సంరక్షణ ఉత్సవం లేని ఏళ్లలోనే జరగాలని, ఆ ఏళ్ల గురించి అడిగేవారు తక్కువని చెప్పడానికే ఈ లేఖ.

గంగ వంశపు రాజు రాచమల్లుని మంత్రి, సేనాని అయిన చావుండరాయుడు సుమారు క్రీ.శ. 981లో చేయించిన ఈ విగ్రహం దాదాపు 57 అడుగుల ఏకశిల. తొడల వరకు వెనుక రాతి ఆసరా ఉన్నా, ఆపై దేహమంతా ఏ ఆధారమూ లేకుండా వెయ్యేళ్లకు పైగా ఎండకు ఎండి, వానకు తడుస్తూ నిలిచి ఉంది. అన్న భరతునిపై గెలిచి కూడా రాజ్యాన్ని వదులుకున్న వాడు ఎంతకాలం కదలకుండా తపస్సు చేశాడో, పాదాల చెంత లేచిన పుట్టలు, వాటిలోంచి తలలెత్తిన పాములు, కాళ్ల మీదుగా భుజాల దాకా అల్లుకున్న మాధవీలత చెబుతాయి. ఇంతటి శిల్పం ఎదుట దిగంబర రూపాన్ని చూసి ముసిముసిగా నవ్వుకుంటూ సెల్ఫీలు దిగి వెనుదిరిగే యాత్రికులు మనలోనూ ఉన్నారు. వారికి నాలుగు మాటలు చెప్పగల గైడ్లు మరింతమంది ఉంటే బాగుంటుంది.

విగ్రహం కన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నవి శాసనాలు. బాహుబలి పాదాల పక్కన, దీనిని చావుండరాయుడు చేయించాడని కన్నడ, తమిళ, మరాఠీ భాషల్లో చెక్కిన పంక్తులున్నాయి. మరాఠీ శాసనం ఆ భాషలోని అతి ప్రాచీన శాసనాల్లో ఒకటిగా పేరొందింది. ఎదురుగా ఉన్న చంద్రగిరి మీద, ఆహారం క్రమంగా మానే సల్లేఖన వ్రతంతో దేహం చాలించిన మునుల, శ్రావకుల (జైన గృహస్థుల) పేర్లు నేరుగా నేలబండపైనే చెక్కి ఉన్నాయి. వాటిలో కొన్ని ఏడో శతాబ్దం నాటివి. కొన్నింటికి రక్షణ కల్పించిన మాట నిజమే కానీ, బండ మీది అక్షరం పైకి కనబడదు, అడుగు పడ్డాకగానీ తెలియదు.

రాతి మీది అక్షరం విలువ తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. అదే పదో శతాబ్దంలో, కన్నడ కవి పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు నేటి కరీంనగర్ జిల్లా కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్టపై జైన దేవత చక్రేశ్వరిని, తీర్థంకరులను చెక్కించి, పక్కనే వేయించిన శాసనంలో కంద పద్యాలు ఉండబట్టే నన్నయకు ముందే మన భాషలో కంద పద్యం ఉందని ధీమాగా చెప్పుకోగలుగుతున్నాం.

శ్రవణబెళగొళ జైనులకు సజీవ తీర్థం కనుక, మ్యూజియం నియమాలు అక్కడ పెట్టమనడం సరికాదు. పాలు, చెరకు రసం, పసుపు, చందనాలతో జరిగే అభిషేకం విశ్వాసానికి సంబంధించినది; దానిని ఆపమనే హక్కు ఎవరికీ లేదు. అయితే అభిషేకానికి ముందు, తర్వాత శిల స్థితిని శాస్త్రీయంగా పరీక్షించి, ఆ ఫలితాలను భక్తులకు కూడా అర్థమయ్యే భాషలో ప్రకటించడం విశ్వాసానికి అడ్డు కాదు. చెప్పులు కింద విడిచి, రాతిలో తొలిచిన ఆరు వందలకు పైగా మెట్లు ఎక్కవలసిన చోట, మధ్యాహ్నం కాలే బండపై ముసలివాళ్లు పడే అవస్థకూ పరిష్కారం పన్నెండో ఏట వేసి తీసేసే తాత్కాలిక ఏర్పాట్లలో దొరకదు.

పురావస్తు శాఖ, జైన మఠం, కర్ణాటక ప్రభుత్వం కలిసి 2030 ఉత్సవ ప్రణాళికలోనే కొంత నిధిని ఆ తర్వాతి పన్నెండేళ్ల నిర్వహణకు విడిగా కేటాయించాలని, అందులో మొదటి పద్దు చంద్రగిరి నేలశాసనాల చుట్టూ అడ్డుకంచెలకు, నకళ్లు తీయించడానికి ఉండాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు