మంచినీటి అడుగున కొయ్య ఓడ

కొత్తపట్నం, ప్రకాశం జిల్లా

చి. ల. సౌ. చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు.

ఆగస్టు చివరిలో అమెరికాలోని ఆల్పీనాకు వెళ్లి, హ్యూరన్ సరస్సు నీటి అడుగుకు దిగి, అక్కడ మునిగి ఉన్న పాత ఓడలను చూస్తానని నువ్వు రాసిన ఉత్తరాన్ని తాతయ్యకు రెండుసార్లు చదివి వినిపించాను. 1871లో మునిగిన ఇ. బి. ఆలెన్ అనే తెరచాప ఓడ 30 మీటర్ల లోతున నేటికీ ఒరిగిపోకుండా నిలిచి ఉందంటే ఆయన నమ్మలేదు. అందుకు ఆయన కారణం ఆయనకుంది. నా చిన్నతనంలో ఆయన అప్పుచేసి కట్టించుకున్న కొయ్య పడవను, రెండేళ్లు తిరగకుండానే, నీటిలో ఉండే భాగమంతా పురుగు తొలిచి జల్లెడ చేసింది. పైకి చెక్క నున్నగానే ఉండేది కానీ బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగబడేది. పురుగు అంటున్నాము గానీ అది ఆలుచిప్పల జాతి జీవి, ఉప్పునీరు లేనిదే బతకదు. హ్యూరన్‌లో ఉన్నది మంచినీరు, పైగా చెక్కను కుళ్లబెట్టే సూక్ష్మజీవులను మందగింపజేసేంత చల్లని నీరు. ఇదంతా విడమరచి చెప్పాక ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "అయితే ఆ నీళ్లలో నా పడవ కూడా నిలిచేదన్నమాట" అన్నారు.

ఓడను కాపాడిన ఆ చలి నిన్ను కాపాడదు, తల్లీ. నీటికి 4 డిగ్రీల దగ్గర సాంద్రత అత్యధికమని, అందుకే ఆ చల్లని నీరు అడుగుకు చేరుతుందని నేను ఎన్నో ఏళ్లు బడిలో చెప్పిన పాఠమే అక్కడ నీకు ఎదురవుతుంది: పైన వెచ్చగా ఉన్న నీరు, కొన్ని మీటర్లు దిగేసరికి గీత గీసినట్లు చల్లబడిపోతుంది. సిలిండరులో అధిక పీడనంతో ఉన్న గాలి బయటికి వ్యాకోచించేటప్పుడు చల్లబడుతుంది కనుక, అంత చల్లని నీటిలో, ఆ గాలిని నీ నోటికి అందించే రెగ్యులేటర్‌లో మంచు పేరుకుని, గాలి ఆగకుండా వెలువడే ప్రమాదం ఉంది. 30 మీటర్ల లోతున పీడనం పైనున్న దానికి 4 రెట్లు. ప్రతి ఊపిరికీ గాలి అన్ని రెట్లు ఖర్చవుతుంది కనుక సిలిండరు ఎంత త్వరగా ఖాళీ అవుతుందో నువ్వే లెక్కవేసుకో. అద్దెకిచ్చే రెగ్యులేటర్ చల్లని నీటి కోసం తయారైనదేనా అని అడుగు. ఒంటికి నీరు తగలనివ్వని డ్రైసూట్‌లోకి గాలి ఎక్కించడం, ఊపిరి తీయడం ఒకేసారి చేయవద్దు. వేళ్లు మొద్దుబారినట్లు అనిపించిన క్షణంలోనే తోడున్నవారికి సైగ చేసి, నిమిషానికి 9 మీటర్లు దాటకుండా, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి పైకి రా. ఆలెన్‌ను చూడకుండా తిరిగివచ్చావంటే నేను సంతోషిస్తానే తప్ప చిన్నబుచ్చుకోను. చివరిసారి నీటి నుంచి వచ్చాక 24 గంటలు గడవనిదే విమానం ఎక్కవద్దు.

అక్కడే మునిగి ఉన్న పెవాబిక్ అనే ఓడ దగ్గరకు మాత్రం వెళ్లవద్దు. అది దాదాపు 50 మీటర్ల లోతున ఉంది, నీ శిక్షణకు మించినది. 1865 ఆగస్టులో అది తనతోటి ఓడ అయిన మీటియర్‌తో ఢీకొని ఎందరో ప్రయాణికులతో సహా మునిగింది. తరువాతి కాలంలో అందులోని రాగి కోసం దిగినవారిలోనూ కొందరు ప్రాణాలు కోల్పోయారు. వేటకు వెళ్లి తిరిగిరాని మనవాళ్ల ఇళ్లను నువ్వు చూసినదానివి. ఏ ఓడ నుంచీ మేకు ముక్కయినా తీసుకోకు. అది చట్టం ఒప్పని పని, నేనూ ఒప్పను.

తాతయ్యది ఒక కోరిక. పరదేశపు ఓడలు తెచ్చి వదిలిన నీటితో వచ్చిన చిన్న చిప్పలు ఇప్పుడా ఓడలను కప్పేస్తున్నాయని రాశావు కదా, అవి పట్టని చోటు ఎక్కడైనా కనబడితే, చేయి తగలనివ్వకుండా, పలకను పలకతో ఎలా అతికారో చూసి రమ్మంటున్నారు. మన వడ్రంగులు చేసినట్లే అతుకుల్లోకి నార దట్టించారా అన్నది ఆయన ప్రశ్న. పడవ దిగగానే ఫోన్ చేయి, ఇక్కడ అర్ధరాత్రయినా ఇద్దరమూ మేలుకునే ఉంటాము.

మీ అమ్మ