ప్రొజెక్టరును మార్చే ముందు కేబులును చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో కంప్యూటరును పాత ప్రొజెక్టరుకు కలిపి సినిమాలు చూసుకునేవారు, బొమ్మ మసకగా ఉందనో, అక్షరాల పక్కన నీడ పడుతోందనో ప్రొజెక్టరునే మార్చేయాలనుకుంటారు. అమ్మేవారూ అదే సలహా ఇస్తారు. చాలాసార్లు అసలు లోపం కంప్యూటరు నుంచి బొమ్మను ప్రొజెక్టరుకు చేర్చే వీజీఏ కేబులులో ఉంటుంది.

ఐబీఎం 1987లో ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంకేతాలు వేర్వేరు తీగల మీద, దాదాపు 0.7 వోల్టుల పరిధిలో, అనలాగ్ రూపంలోనే, అంటే అంకెలుగా మారకుండా హెచ్చుతగ్గుల వోల్టేజీగానే, ప్రయాణిస్తాయి కనుక దారిలో జరిగిన నష్టమంతా తెర మీద కనబడుతుంది. సెకనుకు 60 సార్లు మారే 1024 × 768 బొమ్మకే 65 మెగాహెర్ట్జ్ పిక్సెల్ క్లాక్ (సెకనుకు ఎన్ని చుక్కలు పంపాలో చెప్పే లెక్క) కావాలి. 1920 × 1080 బొమ్మకు అది 148.5కు చేరుతుంది. సన్నని చవక కేబులు అంత వేగాన్ని మోయలేక అంచులను అలికేస్తుంది. 75 ఓమ్‌ల ఇంపెడెన్స్ (వేగంగా మారే సంకేతానికి తీగ చూపే నిరోధం) ఎక్కడ తప్పినా, ముఖ్యంగా రెండు కేబుళ్లను అతికిన చోట, సంకేతంలో కొంత ఎదురు తిరిగి ఆలస్యంగా తెరను చేరుతుంది. అక్షరాలకు కుడివైపు పడే నీడ అదే.

కాబట్టి మూడు రంగులకూ విడివిడిగా కోయాక్సియల్ తీగలు (చుట్టూ లోహపు కవచం ఉన్నవి) ఉన్న, అతుకుల్లేని పొట్టి కేబులు వాడాలి. దాన్ని గోడల వెంట, సీలింగు మీదుగా తిప్పే బదులు కంప్యూటరునే ప్రొజెక్టరు పక్కకు చేర్చి, స్పీకర్ల తీగను పొడిగించడం మేలు; శబ్దం ఆ దూరాన్ని సులువుగా తట్టుకుంటుంది.

తర్వాత కంప్యూటరు రిజల్యూషన్‌ను ప్రొజెక్టరులో బొమ్మను తయారుచేసే ప్యానెల్‌కు సరిపెట్టి, ఒక్కో పిక్సెల్ వెడల్పున్న నలుపు తెలుపు నిలువు గీతలను తెరంతా నింపి, అవి నిలకడగా, సమానంగా కనిపించేదాకా ప్రొజెక్టరు మెనూలో చుక్కలను సంకేతంతో సరిపెట్టే ట్రాకింగ్, ఫేజ్‌లను సవరించుకోవాలి. చీకటి దృశ్యం మీద 'ఆటో' నొక్కితే ప్రొజెక్టరు బొమ్మ అంచులనే పోల్చుకోలేకపోవచ్చు.

బొమ్మ మీద అడ్డపట్టీలు కదులుతుంటే, పరికరాల ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా ఉందేమో అనుమానించి రెండింటినీ ఒకే స్విచ్‌బోర్డుకు కలిపి చూడాలి. ఎర్త్ పిన్ను తీసేయమని కొందరు చెప్పే చిట్కా మాత్రం ప్రాణాంతకం, ఎవరూ వినవద్దు.

కేబుళ్ల తయారీదారులు ప్యాకెట్ మీద బంగారు పూత గొప్పతో పాటు లోపల కోయాక్సియల్ తీగలున్నాయో లేదో కూడా ముద్రించాలనీ, మంచి పొట్టి కేబులుతో ఒకసారి పరీక్షించి చూపాకే దుకాణదారులు కొత్త ప్రొజెక్టరు మాట ఎత్తాలనీ కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ