మార్కెట్ యార్డులో చాయ్‌కి గాజు గ్లాసు కావాలి

సంపాదకులకు నమస్కారం.

చాయ్ మానేయండి, ఆరోగ్యం బాగుపడుతుంది అని ఈ మధ్య ఎక్కడ చూసినా చెబుతున్నారు. మంచికే చెబుతున్నారు, కాదనను. కానీ జనం దాన్ని ఎందుకింత ఇష్టపడతారో పట్టించుకోకుండా మానేయమంటే ఎవరు వింటారు? మాది నర్సంపేట దగ్గర, మిర్చి పండిస్తాం.

రాత్రి మార్కెట్ యార్డులో బండి దించుకొని బస్తాల మీదే నడుం వాల్చిన రైతుకు తెల్లారగానే ముందు కావాల్సింది చాయ్. జెండా పాట, అంటే ఆ రోజు పై రేటు తేల్చే వేలం, అయ్యేదాకా రేటు తెలియదు, అయ్యాక మన సరుకును తేమ ఉందని, తాలు ఉందని ఎంత తగ్గిస్తారో తెలియదు, కాంట (తూకం) ఎప్పుడవుతుందో అసలే తెలియదు. ఆ టెన్షన్‌లో అన్నం గొంతు దిగదు, చాయ్ దిగుతుంది. పక్క కుప్ప దగ్గర కూర్చున్నాయనది ఏ ఊరో మనకు తెలియకపోయినా "కాకా, చాయ్ తాగుదాం పా" అంటే లేచి వస్తాడు, వన్ బై టూ చెప్పి చెరి సగం తాగేలోపు నల్ల తామర పురుగు ఎంత ముంచిందో, ఏ మందు కొడితే ఆగిందో, ఏ అడ్తిలో (కమీషన్ దుకాణంలో) పైసలు తొందరగా చేతికొస్తాయో అన్నీ చెప్పేస్తాడు. అన్నానికి రమ్మంటే మొహమాటపడతారు, కల్లుకు రమ్మంటే అందరూ రారు. చాయ్‌కి మాత్రం కాదనేవాళ్లు తక్కువ.

ఒంటికి సంబంధించిన కారణం కూడా ఉంది. మెదడులో నిద్రమత్తు తెచ్చే అడినోసిన్‌ను చాయ్‌లోని కెఫీన్ అడ్డుకుంటుంది. మనం వాడేది సీటీసీ పత్తా, 1930లలో అస్సాంలో వచ్చిన మిషన్ పద్ధతి అది, ఆకును నలిపి, చింపి, చిన్న గుండ్లలా చుడుతుంది కాబట్టి కొంచెం వేసినా పాలల్లో మరిగేసరికి చిక్కటి రంగు దిగుతుంది, వగరును పాలు తగ్గిస్తాయి. తక్కువ పైసల్లో ఇంత హుషారు ఇచ్చేది ఇంకేముంది చెప్పండి.

అయితే ఒక్క మాట మాత్రం మా వాళ్లు వినాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో అన్నానికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ వద్దని చెప్పింది, వాటిలోని టానిన్ల వల్ల తిండిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువ. మిర్చి ఏరే ఆడవాళ్లు సద్ది తినగానే చాయ్ పోసుకుంటారు, అది ఒక గంట ఆగి తాగితే చాలు, మానేయనక్కర్లేదు.

నాకు అసలు బాధ కాగితం కప్పుల గురించి. కరోనా తర్వాత గాజు గ్లాసులు కనబడటమే తగ్గిపోయింది. ఆ కప్పు లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు అందులో 15 నిమిషాలు ఉంటే 25 వేల దాకా ప్లాస్టిక్ రేణువులు కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 2020లో తేల్చారు. పార్శిల్ అంటే మరీ ఘోరం, సలసల కాగే చాయ్‌ని పల్చటి కవర్లో పోసి ముడి వేసి ఇస్తున్నారు. ఆరోగ్యం గురించి రాసేవాళ్లు దీని మీద ఎందుకు రాయరు?

ఇంకో సంగతి. ఒకప్పుడు మన పల్లెల్లో హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టేవాళ్లు, అది చూసిన పెద్దోళ్లు ఇంకా ఉన్నారు. అందరూ ఒకే గ్లాసులో తాగడం కొట్లాడి తెచ్చుకున్నది, ఊరికే వచ్చింది కాదు. కాబట్టి ఆ గ్లాసు పోతుంటే నాకు ఊరుకోబుద్ధి కావట్లేదు.

చాయ్ అమ్మేవాళ్లను తిట్టి లాభం లేదు. ఫ్లాస్కు పట్టుకొని కుప్పల మధ్య తిరిగే మనిషి గ్లాసులు ఎక్కడ కడుగుతాడు? మన జిల్లాల్లో ప్రతి మార్కెట్ యార్డులో చాయ్ బండ్లకు ఒక చోటు చూపించి, నల్లా, కడుక్కునే తొట్టి, వేడి నీళ్ల ఏర్పాటు చేయాలని అధికారులను కోరుతున్నాను. కొత్త మిర్చి రాక ముందే ఈ పని అయితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక మిర్చి రైతు,
నర్సంపేట, వరంగల్ జిల్లా