హార్స్‌లీ హిల్స్ ప్రయాణానికి పరుపుల సంగతి

అందరికీ నమస్కారం. శనివారం తిరుపతి నుంచి బయలుదేరేవారిలో ముగ్గురు, అక్కడ రాత్రి నేలమీద పడుకోవడానికి ఏ పరుపు కొనాలని అడిగారు. దుప్పటి మడిచి పరుచుకుంటే సరిపోదా అన్నవారికి ఒక మాట: ఒంటి బరువుకు దుప్పటి అణిగిపోతుంది, అందులోని గాలి పోతుంది, నేల చలి నేరుగా వీపుకు తగులుతుంది. కొండ 1,200 మీటర్లకు పైగా ఎత్తు. డిసెంబరులో అక్కడ పైన కప్పుకునేదానికంటే కింద పరిచేదే ముఖ్యం.

గాలి నింపే పరుపు మెత్తగా ఉంటుంది, చుడితే నీళ్ల సీసా అంతే. కానీ తలకోనలో నాది ముల్లు గుచ్చుకుని అర్ధరాత్రికల్లా చప్పబడింది. తెల్లవార్లూ వీపుతో రాళ్లు లెక్కపెట్టాను! అప్పటి నుంచి నాకు ఫోమ్ చాపే. లావుగా ఉంటుంది, బ్యాగు బయట కట్టుకోవాలి, అయినా చిల్లు పడ్డా పనిచేస్తుంది. పక్కకు తిరిగి పడుకునే అలవాటున్నవారికి మాత్రం దానిమీద తుంటి నొప్పి తప్పదు. వారు గాలి పరుపే తీసుకోండి, అతుకు వేసే సామాను మరవకండి.

కొనేటప్పుడు ఆర్-వాల్యూ, అంటే పరుపు నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె, చూడండి. ఆ అంకె పెరిగేకొద్దీ చలి తగ్గుతుంది. మన కొండలకు 2 చాలు. ఒకదానిపై ఒకటి రెండు పరిస్తే అంకెలు కలుస్తాయి.

నా దగ్గర ఒక చాప అదనంగా ఉంది, ముందు అడిగినవారికి ఇస్తాను.