ఇంటి యజమానికి రాసిన ఆ ఒక్క మాట

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి చిన్నికి నాన్న ఆశీస్సులు.

ఇంటి యజమానికి ఇవ్వడానికి నువ్వు ఇటాలియన్‌లో రాసిన ఉత్తరం నకలు చూశాను. అద్దె కాస్త ఆలస్యమైనా చివరికి తప్పక కడతానని చెప్పాలనుకుని, ఇంగ్లీషు ‘ఎవెంచువల్లీ’ని మనసులో పెట్టుకుని, నువ్వు ‘ఎవెంతువల్మెంతె’ అని రాశావు. ఇటాలియన్‌లో దానికి ‘అవసరమైతే’ అని అర్థం కనుక, కట్టాల్సి వస్తే కడతానని ఆయన చదువుకుంటాడు. నేనూ ఇక్కడే కాలు జారాను. బాలానగర్‌లో పనిచేసే రోజుల్లో, నువ్విప్పుడున్న ఇటలీలోని బొలోన్యా వైపు నుంచి వచ్చిన ప్యాకింగ్ యంత్రం మాన్యువల్‌లో ‘ఎవెంతువాలి పెర్దితె’ చూసుకోమని ఉంటే, ‘చివర్లో వచ్చే లీకులు’ అని ఫిట్టర్‌కు చెప్పాను. లీకులేమైనా ఉన్నాయేమో చూడమని దాని భావం. అతను యంత్రం నడిపి చివరిదాకా కాచుకుని, నేలంతా నూనె అయ్యాక నా వైపు చూశాడు.

‘యాక్చువల్లీ’ కూడా ఇంతే. ‘అత్తువల్మెంతె’ అంటే ప్రస్తుతం. నిజానికి అనాలంటే ‘ఇన్ రెయల్తా’.

ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు మీదుగా వెళ్ళి చూడు. ‘వచ్చినప్పటి నుంచి’, ‘వచ్చాను కనుక’ అని మనం వేరుగా పలికే రెండింటినీ ఇంగ్లీషు ‘సిన్స్’ అనే ఒక్క మాటలో సర్దేస్తే, ఇటాలియన్ మనలాగే ‘ద క్వాందో’, ‘సిక్కోమె’ అని విడదీస్తుంది. ‘అన్‌టిల్’కు వాళ్ళు ‘ఫింకే నోన్’ అంటారు. అందులో కాదనే అర్థమున్న ‘నోన్’ ఎందుకని ఇంగ్లీషు చదివినవాళ్ళు తికమకపడతారు గానీ, ‘నువ్వు రానంతవరకు అన్నం ముట్టను’ అనే మీ నానమ్మకు అందులో వింతేమీ కనబడదు. అయితే తెలుగు అన్నిచోట్లా ఆదుకోదు: ‘ఎందుకు’, ‘ఎందుకంటే’ రెంటికీ వాళ్ళకు ‘పెర్కే’ ఒక్కటే.

నాకు అన్నిటికన్నా ముచ్చటైనది ‘ఎవెంతువల్మెంతె’లాంటి మాటల చివర వచ్చే ఆ ‘మెంతె’. మనసు అనే అర్థమున్న లాటిన్ స్త్రీలింగ పదం నుంచి వచ్చింది కాబట్టే దాని ముందు ‘నెమ్మదైన’ అనే అర్థమున్న ‘లెంతో’ కూడా స్త్రీలింగ రూపమైన ‘లెంతా’గా మారి ‘లెంతమెంతె’ అవుతుంది. అంటే ఒకప్పుడది నెమ్మదైన మనసుతో అన్నమాట. మన ‘నెమ్మదిగా’లోని ‘గా’ మాత్రం ‘అగు’ క్రియ నుంచి పుట్టింది.

ఇక ఉత్తరం సంగతి. ‘ప్రీమా ఓ పోయి’ అని మార్చుదామనుకుంటావేమో, అది ‘ఎప్పటికో అప్పటికి’ అన్నట్టుండి ఆయనకు మరింత కోపం తెప్పిస్తుంది. ఆ మాటే తీసేసి, 5వ తేదీలోగా కడతానని ‘ఎంత్రో’ పెట్టి రాయి. డబ్బు రేపే పంపుతున్నాను.

మీ నాన్న